ఆటలో పస ఎందుకు తగ్గుతుంది?



"ఈసారి బిగ్ బాస్ ల ఏం మజా లేదక్కా!" అనే మాట ఈ మూడు నాలుగేళ్లుగా జనగామ బస్టాండులో విన్నాను, మహబూబాబాద్ రైలు ప్లాట్‌ఫారం మీద విన్నాను, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనూ విన్నాను. ఆ మాట అన్నవాళ్లే రాత్రి అన్నాలు తొందరగా ముగించుకుని మళ్లీ ఆ టీవీ ముందే కూర్చుంటారు. మజా లేదంటూనే ఎందుకు చూస్తాం? ఒకప్పుడు ఉన్న మజా ఎక్కడికి పోయింది? పోయినచోట ఇప్పుడు మన ఇంట్లోకి ఏం వస్తున్నది? ఈ మూడు సంగతులూ ఈవేళ కాస్త తీరికగా ముచ్చటించుకుందాం.

ముందుగా దీని పుట్టుక చెప్తాను. కొత్తవాళ్లను ఒక ఇంట్లో పెట్టి తాళం వేసి, గోడ గోడకూ కెమెరా పెట్టి, వాళ్లెట్లా ఉంటారో లోకానికి చూపించాలనే ఆలోచన నెదర్లాండ్స్ దేశంలో జాన్ డి మోల్ అనే ఆయనది. అక్కడ 1999లో 'బిగ్ బ్రదర్' అనే పేరుతో మొదలయింది. ఆ పేరు జార్జ్ ఆర్వెల్ అనే రచయిత 1949లో ప్రచురించిన నవలలోనిది. ఆ నవలలో బిగ్ బ్రదర్ అంటే ప్రజలను అనుక్షణం కనిపెట్టి చూసే ప్రభుత్వానికి గుర్తు. భయపెట్టడానికి రాసిన సంగతి వినోదమయిందన్న మాట! హిందీలో 2006లో 'బిగ్ బాస్' అయింది. మన తెలుగులో 2017 జూలై 16న స్టార్ మాలో మొదలయింది. మొదటిసారి ఇల్లు లోనావాలాలో, 70 రోజులు, నడిపించింది జూనియర్ ఎన్టీఆర్. రెండోసారి 2018లో నాని. ఇల్లు హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోకు వచ్చింది. 2019 నుంచి నాగార్జున. 2025 నాటికి తొమ్మిది సీజన్లయినాయి. మధ్యలో 2022లో ఫోన్లలో చూసేందుకు మాత్రమే వచ్చినది ఇంకొకటి.

మరి మొదట్లో అంత పట్టు ఎందుకున్నది? ఎవరికీ ఏమీ తెలియదు గనుక. చూసే మనకు తెలియదు, లోపల ఉన్నవాళ్లకూ తెలియదు. సిద్దిపేట ప్రాంతం నుంచి వచ్చిన సంపూర్ణేష్ బాబు మొదటి సీజన్లో ఆ నాలుగు గోడల మధ్య ఉండలేక కొద్దిరోజులకే బయటికి వచ్చేశాడు. అప్పుడు చాలామంది నవ్వారు, కొందరు కోప్పడ్డారు. నాకు మాత్రం ఆ మొత్తం సీజన్లో అంత నిజమైన ఘట్టం మరొకటి లేదనిపించింది. పల్లెలో పుట్టి పెరిగినవాడు, ఇల్లూ వాకిలీ విడిచి, ఫోనూ పేపరూ లేకుండా బందీగా ఉండటం అంటే ఏమిటో ఆయన ముఖంలో మనకు కనపడింది. పస అంటే అదే. మనిషి నటించకుండా ఉన్న క్షణం.

పస తగ్గడానికి మొదటి కారణం కూడా ఇందులోనే ఉన్నది. రెండు మూడు సీజన్లు గడిచేసరికి లోపలికి పోయేవాళ్లు అంతకుముందు సీజన్లన్నీ చదువుకుని పోతున్నారు. ఎవరు ఏడిస్తే ఓట్లు పడ్డాయో, ఏ జంట మాట్లాడుకుంటే ఎక్కువసేపు చూపించారో, నామినేషన్ రోజు ఎంత గట్టిగా అరిస్తే ప్రోమోలో వేస్తారో అంతా వాళ్లకు కంఠతా వచ్చు. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం తెలిసిన పిల్లవాడు రాసిన జవాబులో ఏం చూస్తాం? మార్కులు చూస్తాం గాని తెలివి చూడలేం గదా. అలాగే ఇప్పుడు మనం మనిషిని చూడటం లేదు, మనిషి వేసిన లెక్కను చూస్తున్నాం.

రెండో కారణం ఎడం లేకపోవడం. ఇది మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. బతుకమ్మను తొమ్మిది రోజులే ఆడతాం. సద్దుల నాడు నీళ్లల్లో వదిలి, పసుపుకుంకుమలు పంచుకుని ఇంటికి వస్తాం. అట్లా వదిలేస్తాం గనుకనే మళ్లీ పెత్రమాస వచ్చేసరికి తంగేడు పూలు ఎక్కడ పూసినాయా అని కళ్లు వెతుకుతాయి. మేడారం సమ్మక్క జాతర రెండేళ్లకొకసారి గనుకనే బండ్లు కట్టుకుని, బస్సులెక్కి అంతమంది పోతారు. నెలనెలా జాతర పెడితే ఎవరు పోతారు? మరి ఈ ఆటకు ఏం చేశారో చూడండి. అయిదో సీజన్ 2021 సెప్టెంబర్ 5న మొదలై డిసెంబర్ 19న ముగిసింది. రెండు నెలలు దాటగానే 2022 ఫిబ్రవరి 26న 'నాన్ స్టాప్' అని ఫోన్లలో 24 గంటలూ చూపించడం మొదలుపెట్టారు. అది మే 21 దాకా 84 రోజులు. మళ్లీ సెప్టెంబర్ 4న ఆరో సీజన్, 105 రోజులు. అంటే పదిహేను నెలల్లో మూడుసార్లు అదే ఇల్లు, అదే గొంతు, అవే నామినేషన్లు. ఫలితం ఏమయింది? కరోనా కాలంలో 2020లో నాలుగో సీజన్ మొదలైననాడు వచ్చిన రేటింగు 18 దాటిందని పత్రికలు రాశాయి. ఆరో సీజన్ మొదలైననాడు 9 కూడా అందలేదు. ఇంట్లో కూచున్న జనం బయటికి పోయారు, అది కొంత. మిగతాది మొగం మొత్తడమే.

ఆ 24 గంటల సంగతి ఇంకొక్క మాట చెప్పాలి. రోజంతా చూపిస్తే నిజం ఇంకా బాగా తెలుస్తుందని మనం అనుకుంటాం. కాని నిజంలో ఎక్కువభాగం నిద్ర, వంట, ఊరికే కూర్చోవడం. గంటసేపు కార్యక్రమం రక్తి కట్టడానికి ఎవరో కూర్చుని ఆ 24 గంటల్లోంచి ఏరి, కత్తిరించి, అతికిస్తేనే కథ అవుతుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాళ్లు ఏరుతారు. అయితే ఒక్కోసారి బియ్యం పారేసి రాళ్లే వడ్డిస్తారు! టీవీలో చూసే మనం ఆ మనుషుల 24 గంటల్లో 23 గంటలు చూడనే లేదు. ఫలానా అమ్మాయి మంచిది కాదు, ఫలానావాడు దుర్మార్గుడు అని తీర్పు చెప్పేముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మూడో కారణం కిటుకులు పాతబడటం. 2019లో రాహుల్ సిప్లిగంజ్‌ను బయటికి పంపినట్టే పంపి, దొంగచాటుగా సీక్రెట్ రూములో కూర్చోబెట్టి, మళ్లీ లోపలికి తెచ్చారు. చూసినవాళ్లు అబ్బో అనుకున్నారు. ఆ సీజన్ గెలిచింది కూడా ఆయనే. తరువాత 'నాటు నాటు' పాడి 2023లో ఆస్కార్ వేదిక దాకా పోయాడు. అదే సీక్రెట్ రూము 2023లో గౌతమ్ కృష్ణకు పెట్టేసరికి మా వీధి పిల్లలు కూడా "గీ రూమేనా మళ్లా" అన్నారు. కిటుకు ఒక్కసారి పనిచేస్తుంది. రెండోసారి జనం కిటుకు కోసమే ఎదురుచూస్తారు. మూడోసారి అసలు నిజంగానే బయటికి పోయినవాళ్లను చూసి కూడా నమ్మరు. ఎవరూ నమ్మనిచోట ఏడుపుకు విలువ లేదు, వీడ్కోలుకూ విలువ లేదు. పైగా వారాంతం చిత్రీకరణ ముందే అయిపోతుంది గనుక, ఆదివారం ఎవరు వెళ్లేదీ శనివారం రాత్రికే ఫోన్లలో తిరుగుతుంది. ముగింపు తెలిసిన పొడుపు కథ పొడవడం ఎందుకు?

నాలుగో కారణం ఆట ఇంట్లోంచి వీధిలోకి రావడం. 2018లో రెండో సీజన్లో కౌశల్‌కు బయట 'కౌశల్ ఆర్మీ' అని ఒక పెద్ద బలగం తయారయింది. అప్పటినుంచి లోపల ఎవరెట్లా ఆడారన్నదానికన్నా బయట ఎవరి బలగం ఎంతన్నదే ముఖ్యమయింది. ఇందులో లోపలివాళ్ల తప్పు లేదు. ఓటు పెట్టినచోట బలగం వస్తుంది, అది సహజం. అయితే ఆటగాడి ఆట చూసి ఓటు వేసేవాడు తగ్గి, మనవాడని ఓటు వేసేవాడు పెరిగాక, వారం వారం ఆడించే పోటీలకు అర్థం లేకుండా పోతుంది. కుండలు మోసినా, తాడు లాగినా, బురదలో పాకినా, అవన్నీ ఊరికే పొద్దుపోవడానికే అవుతాయి. 2023 డిసెంబర్ 17న ఏడో సీజన్లో రైతుబిడ్డగా పేరు తెచ్చుకున్న పల్లవి ప్రశాంత్ గెలిచిన రాత్రి ఏమయిందో మీకు తెలుసు. స్టూడియో బయట అభిమానులు కొట్లాడుకున్నారు. ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలినాయి. కేసులయినాయి, గెలిచిన ఆ అబ్బాయినీ అరెస్టు చేశారు, తరువాత బెయిలు మీద వచ్చాడు. ఆ బస్సుల్లో రాత్రిపూట పని ముగించుకుని ఇళ్లకు పోయే ఆడవాళ్లుంటారు. వాళ్లకూ ఈ ఆటకూ ఏం సంబంధం?

అయిదో కారణం మనుషుల కరువు. నాలుగో సీజన్లో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ వచ్చింది. సొంత యాస, సొంత మాట, సొంత మొండితనం. మన అత్తో, అమ్మమ్మో టీవీలోకి పోయి కూర్చున్నట్టుండేది. ఆరోగ్యం బాగాలేక మధ్యలో వచ్చేసినా, ఆమెను మరచినవారు లేరు. అయితే 2024లో ఎనిమిదో సీజన్ మధ్యలో కొత్తవాళ్లను తేవలసిన చోట ఎనిమిదిమందిని పాత సీజన్లవాళ్లనే తెచ్చారు. అందులో గంగవ్వ కూడా ఉన్నది. చూసి సంతోషపడ్డాం, కాదనను. కాని మొదటిసారి కలిగిన ఆశ్చర్యం రెండోసారి కలగదు. నిన్నటి పప్పు ఎంత రుచిగా ఉన్నా, ఇవాళ వేడిచేసి పెడితే నిన్నటి పప్పే.

ఇక ఈ ఆట ఒక్కటే ఇట్లా అయిందనుకోవద్దు. అమెరికాలో 'అమెరికన్ ఐడల్' అనే పాటల పోటీ 2002లో మొదలయింది. ఎనిమిదేళ్లు వరుసగా అక్కడి టీవీలో అన్నిటికన్నా పైన ఉన్నది. కటువుగా మాట్లాడే న్యాయనిర్ణేత సైమన్ కోవెల్ 2010లో వెళ్లిపోయాడు. అదే తరహా పోటీలు పక్క చానెళ్లలో పుట్టుకొచ్చాయి. చూసేవాళ్లు తగ్గుతూ తగ్గుతూ 2016లో ఆపేశారు. 2018లో ఇంకొక చానెల్ మళ్లీ మొదలుపెట్టింది. అంటే ఎంత పెద్ద చెట్టుకయినా ఆకు రాలే కాలం ఉంటుంది.

మరి ఎక్కువకాలం నిలిచినవి లేవా? ఉన్నాయి. ఈటీవీలో 'పాడుతా తీయగా' 1996లో మొదలయింది. మన ఇళ్లల్లో రెండు తరాలవాళ్లు దాన్ని చూశారు. అందులో కూడా పోటీ ఉన్నది, ఓడిపోవడం ఉన్నది, కన్నీళ్లూ ఉన్నాయి. కాని బాలసుబ్రహ్మణ్యం గారు ఏం చేసేవారు? పిల్ల పాడగానే ఆ పాట రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, ఒత్తు ఎక్కడ పలకలేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అని విడమరచి చెప్పేవారు. ఎవరు గెలిచారో మరచిపోయినా, ఆ రోజు తెలుసుకున్న సంగతి మనకు మిగిలిపోయేది. ఆయన 2020 సెప్టెంబర్ 25న పోయారు. ఆయన కుమారుడు చరణ్ ఆ బాధ్యత తీసుకున్నారు. బాలు గారు లేని లోటు తీరేది కాదని అందరమూ అంటాం, నిజమే. అయినా కార్యక్రమం నిలబడిందంటే, దాని అడుగున పాట అనే గట్టి నేల ఉన్నది గనుక.

ఇంకా దగ్గర ఉదాహరణ చెప్తాను. మన జనగామ దగ్గర మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి ఒగ్గు కథ వినని పెద్దవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువ. ఆయన 2017లో పోయారు. ఒగ్గు కథలో మల్లన్న కథ చెప్తారు. మల్లన్న ఎవరిని పెళ్లాడతాడో, చివరికి ఏమవుతుందో వినేవాళ్లందరికీ ముందే తెలుసు. ఓటింగ్ లేదు, ఎలిమినేషన్ లేదు, సీక్రెట్ రూము అంతకన్నా లేదు. అయినా తెల్లవార్లూ డోలు చప్పుడుకు జనం కూర్చునేవారు. ఎందుకు? ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కాదు, ఎట్లా చెప్తాడో చూడటానికి. అదీ తేడా! ఎవరు గెలుస్తారన్న ఒక్క ప్రశ్న మీద నిలబడ్డ ఆట, జవాబు తెలియగానే చల్లారిపోతుంది. ఎట్లా చేశారన్నదాని మీద నిలబడ్డది వందసార్లు చూసినా చల్లారదు.

అడుగున గట్టి నేల లేని ఆట, పస తగ్గినప్పుడు ఏం చేస్తుంది? గొంతు పెంచుతుంది. కూరలో రుచి తగ్గితే కారం ఎక్కువ వేసినట్టు, గొడవలు పెంచుతుంది, బూతుకు దగ్గరగా పోతుంది. 2022లో ఈ కార్యక్రమంలోని అసభ్యత మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషన్ విచారణకు వచ్చింది. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. నేను చెప్పేది మన ఇంటి సంగతి. ఆ కారం ఎక్కువగా పడేది లోపలి ఆడపిల్లల మీద. మగవాడు అరిస్తే పౌరుషం అంటాం, ఆడపిల్ల అరిస్తే గయ్యాళి అంటాం. నవ్వితే ఒక పేరు, ఏడిస్తే ఇంకొక పేరు. ఆ పేర్లు పెట్టేది వాళ్లెవరో కాదు, చేతిలో ఫోన్ పట్టుకున్న మన పిల్లలు, అప్పుడప్పుడు మనమూ.

ఈ జాడ్యం ఒక్క కార్యక్రమానిదే కాదు. నాకు తెలిసిన ఒక తల్లి మహబూబాబాద్ దగ్గర పల్లెలో ఉంటుంది. పత్తి ఏరి, మిరప తోటల్లో కూలికి పోయి పిల్లలను చదివిస్తున్నది. భర్త లేడు. కూతురు బాగా పాడుతుంది. ఒక పోటీకి ఎంపికలు జరుగుతున్నాయంటే తీసుకుపోయింది. పిల్ల పల్లవి పాడగానే చాలన్నారట. తరువాత "మీ ఇంట్లో కష్టాలేమిటి, నాన్న ఎట్లా పోయాడు, చెప్తూ ఏడవగలవా" అని అడిగారట. ఆ తల్లి పిల్ల చేయి పట్టుకుని లేచింది. "నా బిడ్డ పాట వినుమని తీసుకొచ్చిన సారూ, మా ఇంటి ఏడ్పు అమ్మనీకి రాలే" అన్నదట. ఆమె ఈ మాట నాతో చెప్తున్నప్పుడు గొంతులో కోపం లేదు, అలసట ఉన్నది. ఆ పిల్ల ఆరు నెలలు నోరు విప్పి పాడలేదు. పాటకన్నా కన్నీరు ఎక్కువ అమ్ముడుపోయే రోజు వచ్చిందంటే, పస తగ్గిన ఆటల ఖరీదు ఎవరు కడుతున్నారో ఆలోచించండి. ఈ మధ్య ఊళ్లో పెళ్లిలో ఆ అమ్మాయి మళ్లీ పాడిందని తెలిసి సంతోషించాను.

పోయిన పస తిరిగి రాదా అంటే, వస్తుంది. 2023లో 'ఉల్టా పుల్టా' అని పద్ధతులు తిరగేస్తే మళ్లీ జనం చూశారు. 2025లో తొమ్మిదో సీజన్‌కు ముందు 'అగ్నిపరీక్ష' పేరుతో మామూలు మనుషులను పోటీ పెట్టి ఎంచుకున్నారు. ఆ రెండుసార్లూ జనాన్ని పిలిచింది పెద్ద సెట్టింగులు కాదు, తెలియని మనిషి తెలియని చోట ఎట్లా ఉంటాడో అన్న ఆ మొదటి కుతూహలమే. అయితే ఈ ఎరువు కూడా ఏటేటా పనిచేయదు. మామూలు మనిషి కూడా లోపలికి పోయే ముందే పాతవన్నీ చూసుకుని పోతాడు మరి.

ఇక మన చేతిలో ఉన్న సంగతి. చూడవద్దని నేను చెప్పను. పొద్దంతా చేనులో, బాయి కాడ, ఆఫీసులో, పొయ్యి దగ్గర గడిపిన మనిషికి రాత్రి గంటసేపు నవ్వుకోవాలనుంటుంది. సింగరేణిలో రెండో షిఫ్టు దిగి వచ్చేవారి కోసం మేలుకుని ఉండే ఇల్లాలికి టీవీ తోడు. కాని ఒక లెక్క చేద్దాం. రోజుకు గంట చొప్పున 105 రోజులంటే 105 గంటలు. రోజుకు ఎనిమిది గంటల పని లెక్కన పదమూడు కూలి దినాలు! అదీ పత్తి ఏరే కాలంలో, వరి కోతల కాలంలో, పిల్లల అర్ధ సంవత్సర పరీక్షల కాలంలో. అన్ని దినాలు ఇచ్చినందుకు మనకేమైనా మిగులుతున్నదా అని అడుక్కోవడం తప్పు కాదు. చీర కొనేటప్పుడు అంచు పట్టి, రంగు దిగుతుందేమో చూసి, పది మాటలు అడిగే మనం దీన్ని మాత్రం ఎందుకు ఊరికే తీసుకోవాలి?

నేను మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతులు చెప్తాను, నచ్చితే మీరూ పెట్టుకోండి. వారంలో రెండు రోజులే చూడటం, మిగతా రోజుల సంగతి పక్కింటి వదిన చెప్పనే చెప్తుంది! గొడవ పెరిగి అరుపులు మొదలయితే పిల్లలముందు శబ్దం తగ్గించి, "ఇక్కడ నువ్వుంటే ఏమనేవాడివి?" అని అడగడం. ఇట్లా అడిగితే పిల్లలు చెప్పే జవాబులు ఆ కార్యక్రమంకన్నా రంజుగా ఉంటాయి. లోపలి ఆడపిల్లలను ఎవరైనా ఫోన్లో తిడుతూ రాస్తుంటే, "మన ఇంటి పిల్లను ఎవరైనా ఇట్లా అంటే ఊరుకుంటామా?" అని నిలదీయడం. చూస్తూ చూస్తూ నాలుగు రోజులు వరుసగా "ఏం మజా లేదు" అన్నామంటే, అయిదో రోజు మొహమాటపడకుండా కట్టేయడం.

కట్టేసిన ఆ గంటలో ఏం చేస్తామంటారా? ఊళ్లో పాడే పిల్ల ఎక్కడో ఒకతె ఉంటుంది. పిలిచి ఒక పాట పూర్తిగా పాడించుకోండి. పల్లవి దగ్గర ఆపకండి, చరణాలు కూడా విని పంపండి.